కొలాజ్ కార్డుల కిట్ కొన్నాను, చివరికి పాత పత్రికలే పనికొచ్చాయి

ముందే చెప్పేస్తాను, ఆధ్యాత్మికం పేరుతో సామాను అమ్మేవాళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానమే. అట్టపెట్టె మీద బంగారు అక్షరాలతో "మిమ్మల్ని మీరు కనుక్కోండి" అని కనిపిస్తే నా చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్తుంది. అయినా ఈ కిట్ కొన్నాను. అప్పటికి మూడు నెలలుగా రోజూ పడుకునే ముందు గంటన్నర ఫోనుకే సరిపోతోంది, కళ్ళు మంటలు, నిద్ర పట్టదు, చేతులతో చేసే పని ఏదైనా ఉంటే బాగుండనిపించింది, కుట్లూ అల్లికలూ నా వల్ల కావని చిన్నప్పుడే తేలిపోయింది. ఆరు వారాలు వాడాక రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి పెట్టెలు ఇప్పుడు చాలానే వస్తున్నాయి, మీరు ఏది కొనబోతున్నా ఇక్కడ రాసింది కొంతైనా పనికొస్తుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అరచేతి కన్నా బాగా పెద్ద అట్టముక్క మీద పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు అతికించి (కొలాజ్ అంటే ఇలా అతికించడమే) ఒక కార్డు తయారు చేస్తారు. బొమ్మల్ని ఆలోచించి ఎంచుకోకూడదు, పేజీలు తిప్పుతుంటే చెయ్యి ఎక్కడ ఆగితే అది చింపి పక్కన పెట్టుకోవాలి, ఎందుకు నచ్చిందో అప్పుడే అడగకూడదు. కార్డు తయారయ్యాక దాన్ని ఎదురుగా పెట్టుకుని, దాని గొంతుతో మనమే మాట్లాడాలి. అంతే. జోస్యం చెప్పడానికి వాడే టారోలో అయితే 78 కార్డులు, వాటికి ఎప్పటినుంచో చెప్పుకుంటూ వస్తున్న అర్థాలు ఉంటాయి. ఇక్కడ లెక్కా లేదు, అర్థాలూ లేవు, ఎన్ని కార్డులు చేసుకుంటే అన్ని. ఈ పద్ధతిని ఇప్పుడున్న రూపంలోకి తెచ్చింది సీనా ఫ్రాస్ట్ అనే కాలిఫోర్నియా సైకోథెరపిస్టు, 1980ల చివర్లో. దానికి సోల్‌కొలాజ్ అని పేరు పెట్టారు. ఆవిడ కార్డుల్ని నాలుగు గుంపులు చేశారు: కమిటీ అంటే మనలో ఉండే రకరకాల మనుషులు (భయస్తురాలు, పెత్తందారు, ఎప్పుడూ తప్పులు వెతికే ఆవిడ, వగైరా), కమ్యూనిటీ అంటే మన జీవితంలోకి వచ్చిన మనుషులు, చనిపోయినవాళ్ళూ పెంపుడు జంతువులూ సహా, కంపానియన్స్ అంటే ఒంట్లోని చక్రాలకు తోడుగా ఉండే జంతువులు, కౌన్సిల్ అంటే మనందరికన్నా పెద్దవైన శక్తులు. ఈ విభజన నాకు మొదట్లో స్కూలు టైంటేబుల్‌లా అనిపించింది కానీ కమిటీ ఒక్కటి మాత్రం నిజంగా పనిచేస్తుంది. మనలో నలుగురైదుగురు కూర్చుని వాదించుకుంటున్నారని ఒప్పుకుంటే, వాళ్ళలో ఒకరికి బొమ్మ అతికించడం పెద్ద కష్టం కాదు.

ఇక పెట్టె సంగతి. 40 ఖాళీ కార్డులు, ముందే కత్తిరించిన 250 బొమ్మలు, ఒక గ్లూ స్టిక్, చిన్న కత్తెర, బరువైన గట్టి అట్ట పుస్తకం ఒకటి, ఆన్‌లైన్‌లో వారానికొకటి చొప్పున ఆరు సెషన్లు. ఖాళీ కార్డులు బాగున్నాయి, ఇందులో మారుమాట లేదు. 5 అంగుళాలు x 8 అంగుళాలు, ఫొటో ఫ్రేముల్లో వాడే గట్టి అట్ట, అంచులు నున్నగా కోసి ఉన్నాయి, నేను ఇంట్లో కోసినవాటిలో ఒక్కటీ ఇంత తిన్నగా రాలేదు.

బొమ్మల దగ్గరే అసలు గొడవ. 250 బొమ్మల్లో ఒక్క ముడతలు పడ్డ మొహం లేదు. సూర్యాస్తమయం, తామరపువ్వు, చంద్రుడి కింద తోడేలు, కొండ అంచున చేతులు చాచి నిలబడ్డ ఆడమనిషి (వెనకనుంచి), మళ్ళీ సూర్యాస్తమయం. కోపంగా ఉన్నవాళ్ళు లేరు, విరిగిన కుర్చీ లేదు, మాసిన గోడ లేదు, చెత్తబుట్ట లేదు, కనీసం చిరాకుగా చూసే పిల్లి అయినా లేదు. మొదటి వారం వీటితోనే మూడు కార్డులు చేశాను, మూడూ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి, మూడింటికీ ఒక్క మాటా రాలేదు. క్షేమంగా ఉన్నామని రాసుకునే ఉత్తరాల్లా ఉన్నాయి. ఆ వారం నేను ఆఫీసులో ఒకరితో పెద్దగా పోట్లాడి వచ్చాను, ఆ పోట్లాటకి సరిపోయే బొమ్మ పెట్టె మొత్తంలో దొరకలేదు.

రెండో వారంలో విసుగొచ్చి అటక మీద పడున్న పాత పత్రికల కట్ట దింపాను. అక్కడినుంచి కథ మారింది. పాత పత్రికల్లో వార్తల పక్కన అచ్చయిన ఫొటోలుంటాయి చూడండి, ఎవరో మెట్ల మీద కూర్చుని ఉంటారు, ఎవరి చెప్పులో గుమ్మంలో ఉంటాయి, సగం మూసిన షట్టర్, పైపు పట్టుకుని చూస్తున్న మనిషి, అవన్నీ కావాల్సినవి. ప్రకటనల పేజీలు వదిలేయండి, అందులోవాళ్ళందరూ మనకేదో అమ్మడానికి నవ్వుతున్నవాళ్ళే.

ఇంకొకటి కూడా అప్పుడే అర్థమైంది. ముందే కత్తిరించి ఇవ్వడం వల్ల వాళ్ళు మన శ్రమ తగ్గించామనుకుంటున్నారు గానీ, తీసేసింది ఈ పనిలో సగాన్ని. కత్తిరించే పావుగంటలోనే మనసు కుదుటపడుతుంది. ఒక పక్షి కాలి చుట్టూ కత్తిరిస్తున్నప్పుడు మెయిల్ గురించి ఆలోచించలేం, ఆలోచిస్తే కాలు తెగిపోతుంది. (చిట్కా: కత్తెర కదపకూడదు, కాగితాన్ని తిప్పాలి. ఇది నాకు నాలుగు కాళ్ళు తెగ్గొట్టాక తెలిసింది.) మేరీ డెలనీ అని ఒకావిడ 1772లో, 72 ఏళ్ళ వయసులో, జెరేనియం పువ్వు రంగూ తన దగ్గరున్న ఎర్ర కాగితం రంగూ ఒకటేనని గమనించి, రంగు కాగితాలు కత్తిరించి నల్ల కాగితం మీద పువ్వులు అతికించడం మొదలుపెట్టి, చూపు మందగించేదాకా చేసిందట, వెయ్యికి కాస్త తక్కువ. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కొలాజ్ అనగానే అందరూ 1912లో పికాసో, బ్రాక్ అనే చిత్రకారుల దగ్గర మొదలుపెడతారు కానీ నాకు ఈవిడ దగ్గర మొదలుపెట్టడమే ఇష్టం. ఆవిడకి ఎవరైనా కత్తిరించిన రేకుల డబ్బా ఇచ్చి ఉంటే ఏం చేసేదో ఊహించుకోండి.

జిగురు గురించి కాస్త ఓపిగ్గా చదవండి, ఇది ఎవరూ చెప్పరు. కిట్‌లో ఇచ్చిన గ్లూ స్టిక్ మూడో కార్డుకి గట్టిపడిపోయింది. ఇంట్లో ఉన్న తెల్ల జిగురు వాడాను, పొద్దున్నే లేచి చూస్తే కార్డు పడవలా వంగి కూర్చుంది. కారణం చాలా మామూలుది. తెల్ల జిగురులో నీళ్ళుంటాయి, నీళ్ళు తగిలితే కాగితం పోగులు ఉబ్బి కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు మళ్ళీ బిగుసుకుంటుంది, బిగుసుకుంటూ కింద ఉన్న అట్టని కూడా తన వైపు లాక్కుంటుంది. అందుకే జిగురు ఎంత పల్చగా రాస్తే అంత మంచిది, వెనక వైపు కూడా ఒక సాదా కాగితం అతికిస్తే రెండువైపులా లాగుడు సమానమవుతుంది, ఆపైన రాత్రంతా బరువు కింద పెట్టాలి. ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తీసిన బొమ్మలైతే తడి తగిలితే రంగు కారిపోవచ్చు, లేజర్ ప్రింట్లకి ఆ బాధ లేదు. న్యూస్‌పేపర్ ముక్కలు వాడితే కొన్నేళ్ళకి పసుపెక్కుతాయి, ఆ కాగితంలో లిగ్నిన్ (చెక్కలో ఉండే పదార్థం) ఎక్కువ. నాకైతే ఆ పసుపు ఇష్టమే, అది వేరే సంగతి.

బరువు అన్నాను కదా, దానికి కిట్‌తో వచ్చిన పుస్తకం సరిగ్గా సరిపోయింది. నిజానికి ఆ పుస్తకాన్ని నేను వాడిన పని అదొక్కటే. 180 పేజీలు, అందులో 120 పేజీలు "నీళ్ళు అంటే భావోద్వేగం, తలుపు అంటే అవకాశం, పాము అంటే పరివర్తన, కొంగ అంటే ఓర్పు" అనే జాబితా. అసలు ఈ పద్ధతికే విరుద్ధం ఇది. అర్థాలు ముందే రాసిపెట్టి ఉంటే నా చెయ్యి ఎక్కడ ఆగితే ఏం లాభం? పైగా ఆ అర్థాలు ఎవరికి చెప్పినా సరిపోతాయి. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన 39 మంది విద్యార్థులకి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఫలితం అంటూ అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు, ఎవరిది వాళ్ళకే ప్రత్యేకం అన్నట్టు. అందులో వాక్యాలు ఎక్కువగా జ్యోతిషం పుస్తకంలోంచి తీసుకున్నవి. మీకు ఎంతవరకు సరిపోయింది, అయిదుకి ఎన్ని వేస్తారు అని అడిగితే సగటున 4.26 వేశారు. కిట్ పుస్తకంలో "మీలో ఎవరూ గుర్తించని బలం ఉంది" అన్న వాక్యం చదివినప్పుడు నేనూ తల ఊపాను, అబద్ధం ఎందుకు. ఊపాక ఫోరర్ గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

ఇప్పుడు అసలు సంగతి, మాట్లాడటం. సెషన్లు ఇంగ్లిష్‌లో జరిగాయి. అక్కడ చెప్పే పద్ధతి ఏంటంటే కార్డులోని బొమ్మ తరఫున "నేను ఫలానా పని చేసే మనిషిని" అన్న అచ్చులో వాక్యాలు వరసగా చెప్పుకుంటూ పోవాలి, ఆగకూడదు, అందంగా ఉండాలని చూసుకోకూడదు. ఇంగ్లిష్‌లో చెప్పినంతసేపూ నాకు ఇంటర్వ్యూలో కూర్చున్నట్టే ఉంది. మూడో వారం మైకు ఆపేసి తెలుగులో చెప్పుకుందాం అని చూశాను.

ఆ రోజు చేసిన కార్డు ఇది: వెనక పొగమంచు కప్పిన చెరువు (ఇది మాత్రం కిట్ బొమ్మే, న్యాయంగా చెప్పాలి), దాని మీద ఒక పాత పత్రికలోంచి తీసిన కొంగ, ఒంటికాలి మీద, కుడివైపు కొంచెం తెరిచిన తలుపు, తలుపు కింద సందులోంచి పసుపు వెలుతురు. ఎందుకు అలా పెట్టానో నాకు తెలియదు, తలుపు ముక్క ఖాళీలో పట్టింది కాబట్టి పెట్టాను. కొంగ జపం అని నాలో నేనే ఒక జోకు వేసుకుని మొదలుపెట్టాను.

"నేను కదలకుండా నిలబడేదాన్ని. నేను అలికిడి చేయనిదాన్ని. నేను నీళ్ళలో చిన్న అల కూడా లేవకుండా చూసుకునేదాన్ని. నేను వినేదాన్ని."

ఇక్కడ ఆగిపోయాను. తెలుగులో ఆ "నిలబడేదాన్ని"కి రెండు అర్థాలున్నాయి కదా. నిలబడే స్వభావం ఉన్నదాన్ని అని ఒకటి, చిన్నప్పుడు అలా నిలబడుతూ ఉండేదాన్ని అని ఇంకొకటి. నేను మొదటి అర్థంతో కొంగ తరఫున మొదలుపెట్టాను, నాలుగో వాక్యానికి వచ్చేసరికి అది రెండో అర్థంలోకి జారిపోయింది, నేను ఎనిమిదేళ్ళ పిల్లనై నడవాలో తలుపు పక్కన నిలబడి ఉన్నాను, లోపల పెద్దవాళ్ళు గొంతు తగ్గించి గొడవ పడుతున్నారు, తలుపు కింద సందులోంచి పసుపు వెలుతురు వస్తోంది. రోజూ వినేదాన్ని. ఏ మాటకి ఎవరు లేచి బయటికి వస్తారో కొలుచుకుంటూ, కదిలితే వినబడుతుందని కాళ్ళు మార్చకుండా. ముప్ఫై ఏళ్ళ తర్వాత మీటింగుల్లో ఎవరైనా గొంతు పెంచితే నేను చేసేది సరిగ్గా ఇదే, కదలను.

ఇంకో చమత్కారం కూడా ఉంది తెలుగులో. ఆడవాళ్ళకీ, పక్షికీ, కుర్చీకీ, తలుపుకీ అన్నిటికీ ఒకటే "దాన్ని". కొంగ చెప్పినా నేను చెప్పినా మాట మారదు, కాబట్టి ఎక్కడ కొంగ ఆగి ఎక్కడ నేను మొదలయ్యానో చెప్పేవాళ్ళకే తెలియదు. మగవాళ్ళకి ఈ సౌకర్యం లేదు, "వాణ్ణి" అనగానే కొంగ ఎగిరిపోతుంది. మీరు మగవాళ్ళయితే కార్డులోని కుర్చీతోనో కుక్కతోనో "దాన్ని" అనిపించి చూడండి, పరాయి గొంతులా ఉండటం ఒక్కోసారి ఇంకా మంచిది. ఇంగ్లిష్ వాక్యాన్ని మక్కికి మక్కి తెలుగులో పెట్టుకుని "నేను నిలబడే ఒక వ్యక్తిని" అంటే మాత్రం ఏమీ జరగదు, ప్రయత్నించాను.

కొనడం దండగ కాలేదు అని నేను అనుకునేది ఈ ఒక్క రాత్రి వల్లే. ఆరు వారాలకి ఒక్క రాత్రి. ఎక్కువో తక్కువో మీ ఇష్టం.

దాన్ని పాడు చేయడానికి కూడా సెషన్ నడిపే ఆవిడ శాయశక్తులా ప్రయత్నించారు. తర్వాతి వారం కార్డులు చూపించమంటే చూపించాను. నేను నోరు తెరిచేలోపే "ఓహ్, కొంగ, ఓర్పుకి గుర్తు, మీలో చాలా ఓర్పు ఉంది, తలుపు తెరుచుకుంటోంది, కొత్త అవకాశం రాబోతోంది" అని చెప్పేశారు. పద్నాలుగు మంది చప్పట్ల ఎమోజీలు పెట్టారు. నేను థాంక్స్ చెప్పాను, ఇంకేం చెప్తాను. సోల్‌కొలాజ్ పద్ధతిలో ఇది చేయకూడని పని, ఎదుటివాళ్ళ కార్డుకి మనం అర్థం చెప్పకూడదు, చేసినవాళ్ళే చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి, అవసరమైతే ఎవరో ఒకరు రాసి పెట్టాలి. ఆ రాసి పెట్టడం చాలా ఉపయోగం, ఎందుకంటే గబగబా చెప్పేటప్పుడు ఏం చెప్పామో మనకే గుర్తుండదు. ఒక్కదాన్నే ఉన్నప్పుడు నేను ఫోనులో రికార్డు చేసుకుని తర్వాత వింటున్నాను. మొదటిసారి విన్నప్పుడు సిగ్గేసింది, ఇప్పుడు అలవాటైంది.

ఇంకో విషయం కాస్త సీరియస్‌గా. నాలుగో సెషన్‌లో ఒకావిడ చనిపోయినవాళ్ళ కార్డు చేసి మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది, సరిగ్గా అప్పుడే టైమ్ అయిపోయిందని సెషన్ ముగించారు. తెర నల్లబడింది. ఆవిడ ఆ రాత్రి ఎలా ఉందో అని నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇవి ఆడుకునే బొమ్మల్లా కనిపిస్తాయి కానీ లోపలినుంచి ఏం లాక్కొస్తాయో ముందు తెలియదు, పెట్టె మీద గానీ పుస్తకంలో గానీ దీని గురించి ఒక్క ముక్క లేదు. ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకుని ఉంటే, లేదా డిప్రెషన్‌కి చికిత్సలో ఉంటే, అర్ధరాత్రి ఒక్కరే కూర్చుని మొదలుపెట్టకండి, మీ కౌన్సెలర్‌కి ఒక మాట చెప్పి చేయండి. ఇది వైద్యం కాదు.

చిన్నా చితకా ఫిర్యాదులు: 5 x 7 ఫొటో కవర్లలో ఈ కార్డులు పట్టవు, ఒక అంగుళం బయటికి వస్తుంది, నేను రెండు ప్యాకెట్లు తెచ్చి తిట్టుకున్నాను. కత్తెర పేరుకే కత్తెర. ఆరు సెషన్లలో రెండింటిని చెప్పకుండా వేరే రోజుకి మార్చారు. చివర్లో మెయిల్‌లో సర్టిఫికెట్ పంపారు, దేనికో నాకు ఇప్పటికీ తెలియదు. కార్డు మీద మాటలు అతికించకండి అన్న సలహా మాత్రం బాగుంది, ఒకసారి "ధైర్యం" అని పత్రికలోంచి హెడ్డింగ్ కత్తిరించి అతికించాను, ఆ కార్డు ఇక నోరు విప్పలేదు, చెప్పాల్సింది ముందే చెప్పేసింది కదా. ఒక్కో కార్డులో ఒక్కరే మాట్లాడాలి అన్నది కూడా అంతే. నేను మొదట్లో ఒక్క కార్డులోకి తొమ్మిది బొమ్మలు కుక్కేదాన్ని, ఇప్పుడు మూడు దాటితే ఆపేస్తున్నాను.

చేసిన కార్డులు అమ్ముకోవచ్చా అని గ్రూపులో ఒకరు అడిగారు. వద్దు. బొమ్మలు వేరే ఫొటోగ్రాఫర్లవి, మన కోసం చేసుకున్నంతవరకే బాగుంటుంది. సోల్‌కొలాజ్‌లో అయితే కార్డులు అమ్మడం, మార్చుకోవడం చేయకూడదని నియమమే ఉంది.

ఇప్పుడు రోజూ చేయడం లేదు, వారానికి ఒకటి రెండు. పొద్దున్నే ఏదైనా తేలని విషయం ఉంటే ప్రశ్న కాగితం మీద రాసుకుని, కార్డులు బోర్లించి ఒకటి తీస్తాను. జరగబోయేది చెప్తుందని కాదు, చెప్పదు కూడా. పోయిన వారం ఒక ఉద్యోగం గురించి అడిగితే కోపంగా చూసే పిల్లి కార్డు వచ్చింది (పిల్లి చివరికి ఒక పాత క్యాలెండర్‌లో దొరికింది). "నేను ఒళ్ళో కూర్చోనిదాన్ని" అని మొదలుపెట్టిందది. సరే అనుకుని ఆ ఉద్యోగానికి జీతం ఇంకా పెంచమని మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.

కొనాలా అంటే, వద్దు, పెట్టెగా వద్దు. గట్టి అట్ట, పదునైన చిన్న కత్తెర, మంచి గ్లూ స్టిక్, ఎవరో పారేయబోతున్న పత్రికల కట్ట, చాలు. వారానికొకసారి ఎవరో పిలిస్తే తప్ప కూర్చోలేని మనస్తత్వం మీదైతే సెషన్ల కోసం కొనండి, నేనూ అలాంటిదాన్నే, ఆ గురువారం సాయంత్రాలు లేకపోతే మొదటి వారంతోనే ఆపేసేదాన్ని. అయిదుకి రెండున్నర. అందులో రెండు ఖాళీ కార్డులకే.

మొన్న మా అక్క వచ్చి చూసి, "నాకూ ఇవ్వవే, ఎలాగూ నువ్వు వాడట్లేదుగా" అంది. సూర్యాస్తమయాలూ తోడేళ్ళూ కొండ అంచు ఆడవాళ్ళూ అన్నీ కవర్లో పెట్టి ఇచ్చేశాను. మిగిలిన పదకొండు ఖాళీ కార్డులు అడిగింది కానీ అవి అయిపోయాయని చెప్పాను.